లెన్సుదే తప్పు

గంట పడుతుంది కూర్చోమ్మా అని, మా కెమెరాను దాని జూమ్ లెన్సుతో సహా రెండు చేతులా ఎత్తుకుని అద్దాల గదిలోకి వెళ్ళిపోయాడు బాబాయి. బాబాయంటే చుట్టమేమీ కాదు, ఈ కెమెరాల కొట్టు ఆయనది, మేం సొంతంగా స్టూడియో పెట్టుకున్న నాటినుంచీ మాకు అమ్మిందీ బాగుచేసిందీ ఆయనే, మా ఆయన బాబాయి అంటాడు కాబట్టి నాకూ బాబాయే. వెళ్ళేముందు గాజుబల్ల మీద నల్లటి మెత్తని గుడ్డ పరిచి దానిమీద రెండు లెన్సులు నిలబెట్టాడు, చూస్తూ ఉండు, ఈలోగా నీ పాతదానికి ఎంతివ్వగలనో చెప్తాను అన్నాడు. కొత్త కెమెరా బాడీ ఏదో మొన్ననే తేలిపోయింది. ఇక తేలాల్సింది లెన్సు. సంచిలో ఉన్న డబ్బూ పాతదానికి వచ్చేదీ కలిపితే ఈ రెండింటిలో ఒకటే వస్తుంది, రెండోదాని మాట మళ్ళీ ఎప్పటికో. ఎడమపక్కది పొడుగ్గా బొద్దుగా ఒంటినిండా అంకెలతో ఉన్న జూమ్, దానికి చిన్న మీట ఉంది, ఆ మీట నెడితే లోపల ఒక అద్దం తేలుతూ, పట్టుకున్న చెయ్యి వణికినా బొమ్మ వణక్కుండా సర్దుతుంది. కుడిపక్కది పొట్టిది, ఎవరో వాడి అమ్మినది, ముప్పై ఐదు మిల్లీమీటర్లది, దగ్గరకీ దూరానికీ జరగదు, మీటా లేదు గీటా లేదు, కానీ ముందుభాగమంతా అద్దమే, మసక గదిలో ఉన్న కాస్త వెలుతురునీ లాగేసుకుంటుంది. ఎడమది మా ఆయన చేతికి. కుడిది నా చేతికి. ఈ మాట ఇంట్లో ఎవరూ అనలేదు. నీకు నచ్చింది తెచ్చెయ్ అని మాత్రం అన్నాడాయన, చొక్కా గుండీ దగ్గర ఆగిపోయిన తన వేళ్ళను చూసుకుంటూ.

మధ్యాహ్నం మూడవుతోంది. పైన ఫ్యాను తిరుగుతున్నట్టే ఉంది కానీ గాలి కిందిదాకా రావడం లేదు. బయట వీధి ఎండకి తెల్లబడిపోయింది, కొట్లో మాత్రం ఒక చల్లని మసక, అద్దాల బీరువాల్లో పాత కెమెరాలు వరసగా కూర్చుని కునుకు తీస్తున్నట్టున్నాయి, నాకూ రెప్పలు బరువెక్కుతున్నాయి. పొట్టి లెన్సు తీసి, చెయ్యి చాచి వీధివైపు పట్టుకున్నాను. అందులో వీధంతా తలకిందులుగా, గోరంత. బస్సు చక్రాలు పైకెత్తుకుని పోతోంది, గొడుగేసుకున్న ఒకావిడ పాదాలు పైన, గొడుగు కింద, తాపీగా నడుచుకుంటూ లెన్సు అంచుదాకా వెళ్ళి సాగి వంగి మాయమైంది. ఇలా చూడడం కొత్తలో ఆయనే నేర్పాడు, లోకం లోపలికి వచ్చేటప్పుడు బోర్లా పడే వస్తుంది, కెమెరా దాన్ని లేపి నిలబెడుతుంది అని. అసలు మేం కలుసుకున్నదే ఫొటో దగ్గర. ఉద్యోగం దరఖాస్తుకి పాస్‌పోర్టు సైజు ఫొటో కావాలని వెళ్తే, ఆ స్టూడియోలో ఈయన పనిచేసేవాడు, గడ్డం కొంచెం దించండి అన్నాడు, ఇంకొంచెం అన్నాడు, ఉద్యోగం రాలేదు గానీ ఈయన వచ్చాడు, పద్దెనిమిదేళ్ళుగా దించమన్నప్పుడు దించుతున్నాను, ఆయన చూడనప్పుడు ఎత్తుకుంటున్నాను. ఎంత కుదురైన చేతులో అప్పుడు. లైట్లు పోయిన పెళ్ళి పందిట్లో, గోడకి ఆనుకోకుండా, ఊపిరి బిగబట్టి, ఒక దీపం వెలుతురులో అరక్షణం పాటు షట్టరు తెరిచి ఉంచి తీసేవాడు, ఆ దీపం వెనక పెళ్ళికూతురు ముక్కుమీది చెమట చుక్కతో సహా వచ్చేది. తోటి ఫొటోగ్రాఫర్లు చేతులు కట్టుకుని చూసేవాళ్ళు. నేను కూడా చూసేదాన్ని, అంత గర్వం పనికిరాదనుకుంటూనే, ఆ చేతులు మా ఇంటివని.

మొదటి చెదిరిన ఫొటో ఎప్పుడొచ్చిందో నాకు కచ్చితంగా తెలుసు, ఎందుకంటే ఫొటోలు కంప్యూటర్లోకి ఎక్కించేదీ, ఏరేదీ, రంగులు సరిచేసేదీ, ఆల్బమ్ కట్టేదీ నేనే. పోయిన చలికాలంలో, ఒక పిల్ల పుట్టినరోజు. వంద ఫొటోల్లో పదిహేను మసకలు. మసకంటే ఫోకస్ తప్పిన మసక కాదు, ఫోకస్ తప్పితే ముందుదో వెనకదో ఏదో ఒకటి స్పష్టంగా ఉంటుంది, ఇందులో ఏదీ లేదు, కొవ్వొత్తుల మంటలన్నీ ఒకే వైపుకి చిన్న తోకలు వేసుకుని ఉన్నాయి. ఈ లెన్సు ఫోకస్ పోయినట్టుందండీ అన్నాను. ఔను, నాకూ అనిపించింది అన్నాడు వెంటనే. అంతే, ఆ రోజునుంచీ తప్పు లెన్సుదైపోయింది. గోడకి న్యూస్‌పేపర్ అంటించి దానికి ఎదురుగా నిలబడి ఇద్దరం పరీక్షలు చేశాం, అక్షరాలు ఎక్కడ అలుక్కుపోతున్నాయో భూతద్దంతో చూశాం, ముందు ఫోకస్ అన్నాడాయన, వెనక ఫోకస్ అన్నాను నేను, వైద్యుల్లా వాదించుకున్నాం. రెండుసార్లు ఈ కొట్టుకే పంపించాం. రెండుసార్లూ బాబాయి శుభ్రంగా తుడిచి, కొలతలన్నీ చూసి, పైసా తీసుకోకుండా తిప్పి పంపాడు, ఏమీ అనలేదు. అదే లెన్సుతో బడిపిల్లల గ్రూపు ఫొటోలు తీస్తే అరవైమంది పిల్లల కనురెప్పలు లెక్కపెట్టుకునేంత స్పష్టంగా వచ్చాయి, ఎందుకంటే గ్రూపు ఫొటోకి కెమెరాను స్టాండు మీద పెడతాం. స్టాండు మీద మంచిదైపోయి చేతిలోకి రాగానే పాడైపోయే లెన్సు ఎక్కడైనా ఉంటుందా. ఈ సంగతి పదేళ్ళ పిల్లకి చెప్పినా తెలుస్తుంది. మాకు తెలియలేదు. తెలియనట్టు ఉండడానికి మేం పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు.

డాక్టరు దగ్గరికి ఒక్కసారే వెళ్ళాం. చేతులు చాచమన్నాడు, కాగితం మీద చుట్టలు చుట్టలుగా గీత గియ్యమన్నాడు, ఆయన గీసిన గీత మొదట్లో గుండ్రంగానే ఉండి లోపలికి పోయేకొద్దీ అంచులు నలిగిపోయింది. తగ్గేది కాదు, మందులతో నెమ్మదిస్తుంది అన్నాడు డాక్టరు, జబ్బు పేరు కూడా చెప్పాడు. ఆ పేరు మేం బయటికి వస్తూ ఆ గదిలోనే వదిలేసి వచ్చాం. మెట్లు దిగుతూ ఆయన, ఈ గదుల్లో లైట్లు ఎంత పచ్చగా ఉన్నాయో చూశావా, ఇక్కడ ఫొటో తీస్తే మనిషి పసుపు పూసుకున్నట్టు వస్తాడు అన్నాడు. ఔనండీ అన్నాను. ఆ తర్వాతనుంచీ మా ఇంట్లో టీ గ్లాసులు సగమే నిండుతున్నాయి, ఎవరూ చెప్పకుండానే. ఆయన పెట్టాల్సిన సంతకాలు రశీదులన్నిటిమీదా నేనే పెడుతున్నాను. ఎవరైనా వస్తే ఆయన కుడిచెయ్యి జేబులో ఉంటుంది. ఒకరోజు పొద్దున వంటగదిలోంచి చూశాను, గుండీ పెట్టుకోవడానికి గోడవైపు తిరిగి నిలబడ్డాడు, చిన్నపిల్లలు ఏడ్చేటప్పుడు తిరిగినట్టు. వెళ్ళి పెట్టేయొచ్చు, రెండు క్షణాల పని. వెళ్ళలేదు. గ్యాస్ తగ్గించి, గిన్నెలతో గట్టిగా చప్పుడు చేశాను, నేనిక్కడ పనిలో ఉన్నాను, ఏమీ చూడడం లేదు అని వినిపించేలా. ప్రేమంటే ఇదేనా అని అప్పుడు నవ్వొచ్చింది కూడా. ఇప్పుడీ చల్లని కొట్లో కూర్చుంటే నవ్వు రావడం లేదు.

నేను చేసిన పని మాత్రం ఇది. మా దగ్గర ఇంకో చిన్న కెమెరా ఉంది, వీధిలో పిల్లలు కూడా లెక్కచెయ్యనంత పాతది. ఫంక్షన్లకి దాన్ని సంచిలో వేసుకుని వెళ్ళడం మొదలుపెట్టాను. ఆయన బ్యాటరీ మార్చుకోవడానికి పక్కకి వెళ్ళినప్పుడు, మంచినీళ్ళకి వెళ్ళినప్పుడు, ఆయన నిలబడ్డ చోటే నిలబడి, ఆయన చూసిందే చూసి, నాలుగు తీసేదాన్ని. ఇంటికొచ్చాక ఆయన ఫొటోల్లో చెదిరినవి చెరిపేసి వాటి చోట నావి పెట్టేదాన్ని. మొదట్లో నాలుగు. తర్వాత పది. మొన్నటి పెళ్ళిలో సగానికి సగం. ఆ ఆల్బమ్ అట్టమీద పెట్టిన ఫొటో నాదే, పెళ్ళికూతురు తండ్రి చెప్పులు వెతుక్కుంటూ వంగినప్పుడు ఆ పిల్ల నవ్వాపుకుంటూ చూసిన చూపు. పెళ్ళివాళ్ళు ఆయన చెయ్యి పట్టుకుని, ఇంత బాగా ఎవరు తీస్తారండీ అన్నారు. ఆయన ఫొటోని చాలాసేపు చూసి, ఆ, బాగానే వచ్చింది అన్నాడు. నాకు ఒళ్ళంతా వేడెక్కింది. సిగ్గుతోనే అనుకున్నాను. కాదు, సంతోషం. చెప్పుకోవడానికి బాగుండదు గానీ సంతోషమే, ఎప్పుడూ లేనంత. రాత్రింబగళ్ళు అదే ఆలోచన, ఇంకొంచెం దగ్గరగా వెళ్ళుంటే, ఆ కిటికీ వెలుతురు ఇంకొంచెం పడుంటే, ఈ డొక్కు కెమెరా కాకుండా ఇంకేదైనా ఉంటే. ఆయన చెయ్యి వణికితే నాకు ఏడుపు రావాలి, వస్తుంది కూడా, కానీ దాని వెనకాలే ఇంకొకటి వస్తుంది, నా వంతు వచ్చిందని. ఎంత పాపిష్టిదాన్నో అనుకుంటూనే మళ్ళీ ఆ సంచిలో ఆ కెమెరా వేసుకుంటాను. ఇప్పుడు కూడా, బాబాయి చూడడం లేదు కదా అని, పొట్టి లెన్సును అరచేతిలో పెట్టుకుని బరువు చూస్తున్నాను, ఇది మూడోసారి. జూమ్‌ని ఒక్కసారి కూడా ముట్టుకోలేదు.

ముట్టుకోవాలి. న్యాయంగా చూడాలి. జూమ్ తీసుకెళ్తే ఇంకో ఏడాది, రెండేళ్ళు ఆయన ఎప్పటిలాగే మెడలో కెమెరా వేసుకుని ముందు నడుస్తాడు, మీట సర్దినంత సర్దుతుంది, మిగతాది నేను సర్దుతాను, గిన్నెల చప్పుడు చేస్తూనే ఉంటాను. ఆయన ఫొటోగ్రాఫర్‌గానే ఉంటాడు. పొట్టిది తీసుకెళ్తే ఆ మాట ఇంటి గుమ్మంలోనే తెలిసిపోతుంది, నోరు విప్పక్కర్లేదు, లెన్సు చూడగానే ఆయనకి తెలుస్తుంది ఇది ఎవరి చేతికి కొన్నదో. బల్లమీద చూపడానికి ఉంచిన కెమెరాకి జూమ్ తగిలించి కంటికి ఆనించుకున్నాను. వీధి చివర జోళ్ళు కుట్టే మనిషి నోట్లో పట్టుకున్న మేకులు కూడా కనిపిస్తున్నాయి, ఇక్కడినుంచే, కదలకుండానే. మంచి లెన్సు. చెడ్డదని ఎవరంటారు. అద్దాల గది తలుపు తెరుచుకుంది. బాబాయి వచ్చి ఎదురుగా కూర్చుని, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, తుడవాల్సినదాని కంటే ఎక్కువసేపు. మీ పాత లెన్సుకి ఏ రోగమూ లేదమ్మా, ఇప్పుడే కొన్నట్టుంది, అందుకని మంచి ధరే ఇస్తాను అన్నాడు. నేను తల ఊపాను. బాబాయి బల్లమీది లెన్సులకేసి చూసి, ఎవరికో చెప్తున్నట్టు చెప్పాడు, జూమ్‌లో ఉన్న మీట తీసేవాడి చేతి వణుకునే ఆపుతుంది, ఎదుటివాడు కదిలితే దానివల్ల కాదు, ఈ పొట్టిదానికి వెలుతురు ఎక్కువ కాబట్టి షట్టరు రెప్పపాటులో మూసుకుంటుంది, ఎదుటివాడు ఎంత కదిలినా అక్కడికక్కడే పట్టేస్తుంది, అయితే దీనికి మీట లేదు కాబట్టి పట్టుకునే చెయ్యి మాత్రం కుదురుగా ఉండాలి. ఆ మాట అన్నాక మళ్ళీ కళ్ళజోడు తుడుచుకున్నాడు. బాబాయికీ తెలుసు. రెండుసార్లు పైసా తీసుకోకుండా పంపినప్పుడే తెలుసు. ఊళ్ళో తెలియనిది ఎవరికి, మా ఇద్దరికి తప్ప.

మా కెమెరా నా ముందు పెట్టి, దాని పక్కభాగాన ఉన్న చిన్న మూత తెరిచి, ఇదిగో, రెండో మెమరీ కార్డు ఇందులోనే ఉండిపోయింది, చూసుకుని తీసుకో అన్నాడు. రెండో కార్డేమిటి. ఆ కెమెరాలో కార్డు పెట్టే చోట్లు రెండున్నాయని తెలుసు గానీ మేం వాడేది ఒకటే, నేను ఎప్పుడూ మొదటిదే తీస్తాను, ఏరుతాను, మళ్ళీ పెడతాను. బాబాయి వేరేపని ఉన్నట్టు లోపలికి వెళ్ళిపోయాడు. కెమెరా ఆన్ చేసి ఆ కార్డు తెరిస్తే వెనక తెరమీద మొదటి ఫొటో వచ్చింది. గోడకి అంటించిన న్యూస్‌పేపర్. అది మేమిద్దరం అంటించింది కాదు, ఇది ఇంకో కాగితం, ఇంకో గోడ, మేడమీది నీళ్ళట్యాంకు గది గోడ. కాగితం పక్కన చిన్న చీటీ, దానిమీద మా ఆయన దస్తూరీలో షట్టరు ఎంతసేపు తెరిచాడో ఆ అంకె. తర్వాతిది అదే కాగితం, ఇంకో అంకె. తర్వాత, మోచెయ్యి బల్లకి ఆనించి, అని చీటీ. ఊపిరి బిగబట్టి. ఎడంచేత్తో. పట్టీ మెడకి బిగించి. ఒక్కొక్క చీటీకి పది పన్నెండు ఫొటోలు, అక్షరాలు కొన్నిట్లో నిలబడి, కొన్నిట్లో వాలిపోయి, రానురాను అన్నిట్లోనూ వాలిపోయి. తేదీలు చూశాను. మొదటిది, ఆ పుట్టినరోజు ఫొటోలకి ఆరునెలల ముందుది. నేను లెన్సు పోయినట్టుందండీ అన్న రోజుకి ఈయన అప్పటికే ఆరునెలలుగా మేడమీద ఒక్కడే నిలబడి తన చేతిని పరీక్షించుకుంటున్నాడు. చీటీల మీద అంకెలు కూడా వంకర పోతున్నాయి వెళ్తున్నకొద్దీ. బొటనవేలితో ఒక్కొక్కటే జరుపుతున్నాను, కొట్లో ఫ్యాను చప్పుడు కూడా వినిపించడం లేదు, న్యూస్‌పేపర్లు, న్యూస్‌పేపర్లు, ఆ తర్వాత కాగితం లేదు. ఒక పెళ్ళి పందిరి. జనం భుజాల మధ్యలోంచి ఎవరో ఆడమనిషి, చేతిలో చిన్న కెమెరా, ఒంటికాలి మీద బరువు వేసి ముందుకి వంగి ఉంది. ముఖం అలుక్కుపోయింది. ఆ చీర నాది. తర్వాతిది కూడా నేనే, అదే చోట. పదకొండు తీశాడు. బ్యాటరీ మార్చుకోవడానికి వెళ్ళలేదు, మంచినీళ్ళకి వెళ్ళలేదు, స్తంభం వెనక నిలబడి నన్ను తీశాడు. పదకొండింటిలో ఒక్కటీ నిలవలేదు. చెదిరినవాటిని ఏరి చెరిపెయ్యడమే నా పని, చలికాలంనుంచీ చేస్తున్నదదే, ఇవి ఆయన చెరపలేదు.

ఎండ గుమ్మం దాటి లోపలికి వచ్చి బల్లకాలు దగ్గర ఆగింది. నాకు కోపం వచ్చింది, మొదట వచ్చింది కోపమే, ఇన్ని రోజులు నాకోసం ఈయనా, ఈయనకోసం నేనూ ఆడిన నాటకానికి ఒక్క ప్రేక్షకుడు కూడా లేడని. ఆ తర్వాత ట్యాంకు గదిలో ఒక్కడే చీటీలు రాసుకుంటున్న ఆ వీపు కనిపించింది, కోపం నిలవలేదు. ఫోన్ తీసి చేశాను. రెండో రింగుకే ఎత్తాడు, స్టూడియోలో ప్రింటరు గరగర వెనక వినిపిస్తోంది.

"బేరం కుదిరిందా?" అన్నాడు.

"లెన్సు తేల్చుకున్నాను. ముప్పై ఐదు."

ప్రింటరు ఒక ఫొటో పూర్తిచేసి ఆగింది. రెండోది మొదలుపెట్టలేదు. బల్లమీద పొట్టి లెన్సులో ఫ్యాను రెక్కలు చిన్నగా తిరుగుతూ కనిపిస్తున్నాయి.

"దానికి వణుకు ఆపే మీట ఉండదు," అన్నాడు చివరికి. ఆ మాట ఆయన నోట వినడం అదే మొదటిసారి. ఎంత మామూలుగా అన్నాడో.

"ఉండదు. నాకు అక్కర్లేదు," అన్నాను. ఇంత కఠినమైన మాట ఈ మనిషితో నేనెప్పుడూ అనలేదు.

ఆయన ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది, పెద్దమూట దించినప్పుడు మనుషులు వదిలే ఊపిరి. కార్డు చూశావా అని అడిగాడు. చూశానన్నాను. అన్నీనా అన్నాడు. అన్నీ అన్నాను. అందులో ఒకటైనా బాగా వస్తుందని చాలా ప్రయత్నించాను, నువ్వు ఫొటో తీసేటప్పుడు నాలుక పళ్ళమధ్య పెట్టుకుంటావు, అది తీద్దామని, అన్నాడు. కార్డు మర్చిపోయి పంపాడో, కావాలనే వదిలేసి పంపాడో నేను అడగలేదు. లెన్సు మూత కూడా ఎక్కడా మర్చిపోయే మనిషి కాదు. లోపలినుంచి బాబాయి తొంగిచూసి, నా ముఖం చూసి, మళ్ళీ వెనక్కి వెళ్ళిపోయాడు.

"సరే, రాగానే దాంతో ముందు నన్నొకటి తియ్యి," అన్నాడు ఆయన. "కదలకుండా కూర్చుంటాను, చేతనైనంత."

"కదలండి," అన్నాను. "మీరెంత కదిలినా పట్టుకుంటాను."